బొగ్గు పూత, అయాన్ల దెబ్బ, ఒక ఖాళీ ముక్క

మొదటి ఫిల్ము ఒక్క రాత్రిలో ఊడిపోయింది. సాయంత్రం ఛాంబర్లోంచి తీసినప్పుడు అద్దంలా మెరిసిన సిలికాన్ ముక్క, పొద్దున డబ్బా తెరిచేసరికి పూత అంతా అలలు అలలుగా లేచి, కొసల దగ్గర పొరలు విడిపోయి కనిపించింది. మా మిద్దె మీద వడియాలు ఎండిన గుడ్డ గుర్తొచ్చింది. అది నవంబరు. చెన్నైలో వానలు పట్టుకుని, ల్యాబులో ఏసీ కాసేపు ఆగితే గోడలకే చెమటలు పట్టే రోజులు. "తేమకి ఊడిందా అక్కా?" అని సీనియర్ని అడిగాను. గుంటూరు అమ్మాయి, మాట సూటిగా ఉంటుంది. మైక్రోస్కోపులో ఒకసారి చూసి, "తేమ తోసింది, నిజమే. ఊడిపోయేంత బిగువు పెట్టింది మాత్రం నువ్వే. ఎంత మందం వేశావే?" అంది.

400 నానోమీటర్లు. మందంగా వేస్తే కొలవడం తేలికవుతుందని నా లెక్క. వజ్రంలాంటి కార్బన్ పూతలు పుట్టుకతోనే లోపల బిగుసుకుని ఉంటాయని, ఆ ఒత్తిడి గిగా పాస్కల్లలో ఉంటుందని చదివాను. ఒక గిగా పాస్కల్ అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు పదివేల రెట్లు. చదవడం వేరు, అది రాత్రికి రాత్రి లేచి కూర్చోవడం వేరు. మందం పెరిగేకొద్దీ ఆ బిగువులో దాగిన శక్తి కూడా పెరుగుతుంది. సిలికాన్‌ని అంటుకున్న పట్టును అది దాటిందంటే ఇక పూత నిలవదు. 100 నానోమీటర్లకు దిగాను. అప్పుడు నిలిచింది.

మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను. పల్చటి కార్బన్ పూతల మీద వేగంగా అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న అణువులు, పడితే వాటి లోపలి అమరిక ఎలా మారుతుందన్నది నా టాపిక్. మా అమ్మకు రెండేళ్లుగా వివరించాక తేలిందేమిటంటే, "ఏందిమే, ఇంకా ఆ బొగ్గు పనేనా?" ఆమె మాటలో తప్పేమీ లేదు. బొగ్గూ కార్బనే, పెన్సిల్లో గ్రాఫైటూ కార్బనే, ఉంగరంలో వజ్రమూ కార్బనే. తేడా అంతా ప్రతి అణువూ (పరమాణువునే ఇక్కడ అణువు అంటున్నాను) చుట్టూ ఎంతమందిని పట్టుకుందన్న దాంట్లో ఉంది. వజ్రంలో ప్రతి అణువూ నలుగురిని పట్టుకుంటుంది. దాన్ని ఎస్పీ-3 అంటాం. గ్రాఫైటులో ముగ్గురిని పట్టుకుని చదునైన రేకులా పరుచుకుంటుంది, అది ఎస్పీ-2. నా ఫిల్ములో ఈ రెండు రకాలూ కలగాపులగంగా ఉంటాయి. మీథేన్ గ్యాసుతో ప్లాస్మాలో (విద్యుత్తుతో అయాన్లుగా విడగొట్టిన వాయువులో) వేశాను కాబట్టి హైడ్రోజన్ కూడా బాగా ఉంటుంది. క్రమమైన స్ఫటికం కాదు, తోచినట్టు పేర్చిన రాళ్లగోడ లాంటిది. అయినా గట్టిది, విద్యుత్తును పోనివ్వనిది, గాజు మీద వేస్తే లేత తేనెరంగులో కనిపించేది.

ఇలాంటి పూతల్ని 1971లో అయిసెన్‌బర్గ్, షాబో అనే ఇద్దరు తయారుచేసి వజ్రంలాంటి కార్బన్ అన్నారు. వాళ్లు చేసింది కూడా అయాన్ బీముతోనే, అంటే అయాన్ల ధారతోనే. ఇక్కడే నాకు మొదట బుర్ర తిరిగింది. అయాన్లు కొడితే ఫిల్ము గ్రాఫైటు వైపు పోతుందని చూపించాలని నా పని. ఆ ఫిల్ము వజ్రం వైపు రావడానికి కారణం కూడా అయాన్లు కొట్టడమే అయితే ఎలా?

మా గైడు సర్ టీ కొట్టు దగ్గర, పేపరు కప్పు పక్కన పెట్టి, బెంచీ మీద వేలితో గీసి చెప్పారు. ఒక్కో కార్బన్ అయాను దాదాపు 100 ఎలక్ట్రాన్ వోల్ట్ల శక్తితో వచ్చిందనుకో, అది పైన వాలదు, కిందికి మరీ పోదు, పైపొరకు కాస్త దిగువన ఇరుక్కుంటుంది. నిండిన బస్సులో ఇంకొకడు దూరినట్టు. అక్కడ సాంద్రత పెరుగుతుంది, చోటు లేక అణువులు నలుగురిని పట్టుకునే అమరికకు ఒదుగుతాయి. హైడ్రోజన్ లేని పూతల్లో ఈ పద్ధతిలో ఎస్పీ-3 వాటా 80 శాతం పైకి కూడా తీసుకెళ్లారు. శక్తి ఇంకా పెంచితే దూరినవాడు దూరిన చోట కుదురుగా ఉండడు. ఆ వేడికి అణువులు సర్దుకుని, తేలికైన అమరికకే, అంటే ముగ్గురిని పట్టుకునే దానికే, జారిపోతాయి. నేను వాడబోయేది 100 ఎలక్ట్రాన్ వోల్ట్లు కాదు, 100 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్లు. వెయ్యి రెట్లు. "నువ్వు బస్సులోకి మనిషిని ఎక్కించడం లేదు, లారీతో గుద్దుతున్నావు" అన్నారు. చెన్నైలో ఏ పోలిక అయినా చివరికి ట్రాఫిక్ దగ్గరికే వస్తుంది.

ఏ అయాను వాడాలన్న దానికి ఒక నెల పట్టింది. మొదట ఆర్గాన్ అనుకున్నాను, చర్య జరపని వాయువు కదా అని. అయాను ఎంత లోతుకు పోయి ఆగుతుందో లెక్కగట్టే స్రిమ్ అనే ప్రోగ్రామ్ ఉంది, జీగ్లర్, బియర్‌సాక్ మొదలుపెట్టింది. మా రంగంలో దాన్ని నడపకుండా ఎవరూ బీము ముఖం చూడరు. అందులో పెట్టి చూస్తే 100 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల ఆర్గాన్ అయాన్లలో చాలా వాటికి నా 100 నానోమీటర్ల పూతలోనే ఆగిపోయే రాత కనిపించింది. అప్పుడు వచ్చిన మార్పు దెబ్బ వల్లనా, లోపల చేరిన ఆర్గాన్ బుడగల వల్లనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుండదు. నైట్రోజన్ తేలిక. అదే శక్తికి చాలా మటుకు పూతను దాటేసి కింద సిలికాన్‌లో ఆగుతుంది. దారిలో మాత్రం పూత అణువుల్ని చెల్లాచెదురు చేసి పోతుంది. నైట్రోజన్‌కే దిగాను.

స్రిమ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే నాలాంటి కొత్తవాళ్లు దాన్ని దేవుడి వాక్కులా పట్టుకుంటారు. దాని దృష్టిలో వచ్చే ప్రతి అయానుకూ దెబ్బతినని కొత్త పూతే ఎదురవుతుంది. ముందొచ్చినవి చేసిన గాయాలు దానికి లెక్కలో లేవు. చెదిరిన అణువు మళ్లీ ఎక్కడ కుదురుకుంటుందో కూడా చెప్పదు. ఎన్ని చెదిరాయో చెబుతుంది. మా పని అంతా ఆ తర్వాత కుదురుకునే చోటే ఉంది.

కాగితం మీద నేను వేసుకున్న లెక్క మాత్రం నాకు చాలా ఉపయోగపడింది. 100 నానోమీటర్ల పూతలో ఒక చదరపు సెంటీమీటరుకు సుమారు 10¹⁸ కార్బన్ అణువులు ఉంటాయి. నేను వేయబోయే గరిష్ఠ మోతాదు చదరపు సెంటీమీటరుకు 10¹⁶ అయాన్లు. అంటే వంద అణువులకు ఒక అయాను. ఒక్కో అయాను పూతను దాటే లోపు ఓ వంద అణువుల్ని కదిలిస్తే, సగటున ప్రతి అణువూ ఒకసారి తన చోటు వదిలినట్టే. ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి మోతాదు అంకెలు నాకు సున్నాల వరుసలా కనిపించడం మానేశాయి.

అయాన్లకు ఆ వేగం ఇచ్చే యాక్సిలరేటరు మా డిపార్ట్‌మెంటులో లేదు. మరో చోట బీమ్ టైమ్ కావాలని ప్రపోజల్ రాసి, వరుసలో నిలబడి తీసుకోవాలి. ఫారంలో చాలా గళ్లు ఉంటాయి. ఏ అయాను, ఎంత శక్తి, ఎంత కరెంటు, ఎన్ని శాంపిళ్లు. ఒక గడిలో "ద్రవ నైట్రోజన్ కావాలా?" అని ఉంది. శాంపిల్‌ని చల్లబరచడానికి అనుకున్నాను. నాకు గది ఉష్ణోగ్రతలోనే కావాలి కాబట్టి "అక్కర్లేదు" అని టిక్కు పెట్టాను. ఆ టిక్కు గురించి తర్వాత చెబుతాను.

ఫిబ్రవరిలో మూడు రోజులు దొరికాయి. ఆపరేటరుది సూళ్లూరుపేట. శనివారం వస్తే సెంట్రల్ నుంచి మెమూ రైలెక్కి ఇంటికి పోయే మనిషి. నేను నెల్లూరు యాసలో ఒక మాట అనగానే ముఖం వికసించింది. "మన పక్కదానివేనా అమ్మణ్ణీ! ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. అప్పటినుంచి అన్నా అనే పిలుస్తున్నాను.

బీము తేవడం చూడ్డం నాకు అదే మొదటిసారి. ఒక మూల సోర్సులో నైట్రోజన్ గ్యాసు ప్లాస్మాగా మండుతుంది. అందులోంచి లాగిన అయాన్లన్నీ ఒకటే రకం కావు, ఒంటరి నైట్రోజనూ ఉంటుంది, జంటగా ఉన్న నైట్రోజనూ ఉంటుంది. పెద్ద అయస్కాంతం వాటిని వంచుతుంది. బరువును బట్టి వంపు మారుతుంది కాబట్టి 14 దగ్గర ఒక గుట్ట, 28 దగ్గర ఒక గుట్ట కనిపిస్తాయి. అన్న అయస్కాంతం కరెంటును కొద్దికొద్దిగా తిప్పుతూ 14 దగ్గర నిలిపాడు. చివర క్వార్ట్జ్ పలక పెట్టి లైట్లు ఆపితే దాని మీద నీలంగా ఒక చుక్క వెలిగింది. స్కానర్ వేయగానే ఆ చుక్క చదరంగా సాగింది. ఆ చదరం ఒక సెంటీమీటరు రంధ్రంలోంచి నా శాంపిల్ మీద సమంగా పడాలి.

కరెంటు చదరపు సెంటీమీటరుకు 200 నానో ఆంపియర్లే పెట్టుకున్నాను. ఎక్కువ పెడితే పని త్వరగా అవుతుంది, కానీ శూన్యంలో ఉన్న ముక్కకు వేడి పోయే దారి తక్కువ. వేడికే హైడ్రోజన్ పోయి పూత గ్రాఫైటు అయితే, అయాన్లకు ఆ ఘనత కట్టబెట్టినట్టవుతుంది. ఈ కరెంటుకి 10¹⁴ మోతాదు 80 సెకన్లలో అయిపోతుంది. 10¹⁵ కి పదమూడు నిమిషాలు దాటుతుంది. 10¹⁶ కి రెండు గంటల పదమూడు నిమిషాలు.

మొదటి 80 సెకన్లూ వృథా అయ్యాయి. అయాను లోహానికి తగిలినప్పుడు అక్కడినుంచి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి. ధనావేశం లోపలికి రావడమూ, ఋణావేశం బయటికి పోవడమూ మీటరుకు ఒకటే. కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వాటిని వెనక్కి తోయడానికి ముందు ఒక రింగు పెట్టి, బ్యాటరీల డబ్బాతో దానికి ఋణ వోల్టేజీ ఇస్తారు. ఆ స్విచ్ వేయడం నా పని, నేను వేయలేదు. అన్న చూసి స్విచ్ నొక్కాడు. 200 ఉన్న ముల్లు 70కి పడిపోయింది. 10¹⁴ అని నేను లేబుల్ రాసి పెట్టుకున్న ముక్క మీద నిజంగా పడింది అందులో మూడోవంతు. ఆయన ఏమీ అనలేదు. "లేబుల్ మార్చి రాసుకో" అన్నాడంతే. అలా రావడంతో నా వరుసలో నేను అనుకోని ఒక తక్కువ మోతాదు చేరింది.

శాంపిల్ హోల్డరు మీద ఫిల్ముల పక్కన గ్రాఫైటు రేకుల్ని కూడా పెట్టాను, అది నా ఆలోచన. ఒక ఖాళీ సిలికాన్ ముక్క కూడా పెట్టాను. అది సర్ ఆలోచన. ఎందుకని అడిగితే, "ఏమీ లేని చోట ఏం జరుగుతుందో చూడాలి కదా" అన్నారు. చోటు దండగ అనుకున్నాను. ఆ స్థలంలో ఇంకొక ఫిల్ము పట్టేది.

మూడో రోజు రాత్రి 10¹⁶ ముక్క బయటికి తీసినప్పుడు నా సంతోషం చెప్పలేను. గాజు మీద వేసిన పూతలో లేత తేనెరంగు పోయి, బీము పడినంత మేరా చదరంగా ముదురు గోధుమ, దాదాపు నలుపు. గీత గీసినట్టు అంచు. లోపల హైడ్రోజన్ పట్టుకున్న చేతులు తెగి, హైడ్రోజన్లు జంటలు కట్టి బయటికి పోయి, మిగిలిన కార్బన్లు ఒకదాన్నొకటి పట్టుకుని రేకు ముక్కల్లా గుమిగూడాయి. అలాంటి గుంపులు పెరిగేకొద్దీ పూత ఎక్కువ వెలుతురు మింగుతుంది, కరెంటునూ పోనిస్తుంది. ఆ రాత్రి వేళచ్చేరి బస్సులో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత రెండు వారాలు రామన్ యంత్రం దగ్గర. లేజర్ వేస్తే చెదిరి వచ్చే వెలుతురు రంగు ఎంత మారిందో చూసి లోపలి అమరికను చెబుతుంది అది. ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడల్లా నాకో చిన్న గర్వం. సి.వి.రామన్ బడి చదువు మన విశాఖపట్నంలో, కాలేజీ చదువు ఇదే చెన్నైలో, ప్రెసిడెన్సీలో. వెలుతురు అలా రంగు మారడాన్ని కనుక్కున్నది కలకత్తాలో, 1928లో. సరే, గర్వం వల్ల స్పెక్ట్రం బాగా రాదు. నేను తీసిన మొదటి స్పెక్ట్రాలన్నీ పారేయాల్సి వచ్చింది. ఒకే చుక్క దగ్గర మూడుసార్లు తీస్తే మూడూ వేరువేరుగా వచ్చాయి. మైక్రోస్కోపులో చూస్తే లేజర్ పడిన చోట చిన్న తెల్లటి మచ్చ. పచ్చ లేజర్‌ని పెద్ద లెన్సుతో ఒక చుక్క మీదికి కుదించి పూతను నేనే కాలుస్తున్నాను. ఒక్క అయానూ పడని ఫిల్ము కూడా నా చేతిలో గ్రాఫైటు అవుతోంది. ఫిల్టరు పెట్టి లేజర్ బలాన్ని బాగా తగ్గించి, ఒక్కో చుక్కకు పది నిమిషాలు ఓపిక పట్టాక మూడూ ఒకటిగా వచ్చాయి.

కార్బన్‌కు రామన్‌లో రెండు గుట్టలు ముఖ్యం. 1,580 దగ్గర జి, 1,350 దగ్గర డి (వెలుతురు ఎంత మారిందో చెప్పే అంకెలు ఇవి, cm⁻¹ లో). మంచి గ్రాఫైటులో జి ఒక్కటే నిటారుగా ఉంటుంది. అమరిక చెడితే డి లేస్తుంది. డి ఎత్తును జి ఎత్తుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని మావాళ్లు జ్వరానికి థర్మామీటరు చూసినట్టు చూస్తారు. 1970లో ట్యూన్‌స్ట్రా, కోనిగ్ ఆ నిష్పత్తికీ గ్రాఫైటు ముక్క సైజుకూ సంబంధం చూపించారు. ముక్క చిన్నదయ్యేకొద్దీ నిష్పత్తి పెరుగుతుంది. అయితే ముక్కలు మరీ చిన్నవై, ఆరుమూలల రింగులే విరిగిపోవడం మొదలయ్యాక ఆ సూత్రం తిరగబడుతుంది, నిష్పత్తి తగ్గుతుంది. దీన్ని 2000లో ఫెరారీ, రాబర్ట్‌సన్ మూడు మజిలీలుగా విడదీసి రాశారు. ఇంకో మెలిక కూడా ఉంది. పచ్చ లేజర్‌కు ఎస్పీ-2 అణువులు ఎస్పీ-3 కంటే 50 నుంచి 230 రెట్లు బలంగా కనిపిస్తాయి. అంటే ‘వజ్రం వాటా తగ్గింది’ అని నేను చెబుతున్నది వజ్రాన్ని చూసి కాదు, పక్కింటివాళ్ల హడావుడిని బట్టి.

గ్రాఫైటు రేకుల్ని పెట్టడం నేను చేసిన మంచి పని అని అప్పుడు తెలిసింది. వాటిలో మొదట డి అసలు లేదు. చిన్న మోతాదుకే లేచింది. 10¹⁵ దగ్గర నిష్పత్తి 1కి వచ్చింది. 10¹⁶ దగ్గర డి, జి రెండూ కలిసిపోయి ఒకటే వెడల్పాటి మూపురం. నా ఫిల్ము అటునుంచి ఇటు వస్తోంది. మొదట 0.5 ఉన్న నిష్పత్తి మోతాదుతోపాటు పెరుగుతూ 10¹⁶ దగ్గర 1 దాటింది. జి గుట్ట 1,535 నుంచి 1,570 పైకి జరిగింది. క్రమంగా ఉన్న గ్రాఫైటును అయాన్లు చెడగొడుతున్నాయి. కలగాపులగంగా ఉన్న ఫిల్ములో అవే అయాన్లు రేకు ముక్కల్ని పుట్టిస్తున్నాయి. ఎదురెదురుగా బయల్దేరిన రెండు రైళ్లు గూడూరులో కలిసినట్టు ఇద్దరూ మధ్యలో ఒకే చోటికి వస్తున్నారు. నిష్పత్తి 1 అని మాత్రం చెబితే ఎవరు ఎటునుంచి వచ్చారో ఎవరూ చెప్పలేరు. జి ఎక్కడుంది, ఎంత వెడల్పుంది అని కూడా చూడాలి. గ్రాఫైటులో అది ఇంకా సన్నగా 1,580 పైన ఉంది, ఫిల్ములో లావుగా, కిందగా ఉంది.

గ్రాఫైటు దెబ్బలకు లోపల శక్తిని దాచుకుంటుందని కూడా అప్పుడే చదివాను. చెదిరిన అణువులు ఇబ్బందిగా ఇరుక్కుని ఉంటాయి, వేడి తగిలితే ఒక్కసారిగా సర్దుకుని ఆ శక్తిని వదిలేస్తాయి. 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టరులో మంటలు లేచింది, ఆ శక్తిని మెల్లగా వదిలించే ప్రయత్నంలోనే. బొగ్గు పని అంటే బొగ్గు పనే మరి.

ఇక ఖాళీ సిలికాన్ ముక్క. దాన్ని చివరికి పెట్టుకున్నాను, దానిలో ఏముంటుందిలే అని. ట్వీజర్‌తో పట్టి లైటు కింద వాలిస్తే దాని మీద కూడా చదరపు మచ్చ ఉంది, లేత గోధుమరంగులో. అన్నకు ఫోన్ చేశాను. "సిలికాన్ కూడా దెబ్బ తింటుంది అమ్మణ్ణీ. స్ఫటికం విరిగి రంగు మారుతుంది, నేను ఎన్ని చూళ్లేదు?" అన్నాడు. అదీ నిజమే. రామన్ కింద పెడితే సిలికాన్‌కు 520 దగ్గర ఉండాల్సిన సూదిలాంటి గీత బలహీనపడి, 480 దగ్గర లావుపాటి గుట్ట వచ్చింది, స్ఫటికం విరిగిందని దాని గుర్తు. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది అనిపించింది, ఆ నిమిషం. ఎందుకంటే స్కేలును కుడివైపు జరిపితే, 1,350 నుంచి 1,580 దాకా, కార్బన్ మూపురం. నా ఫిల్ముల్లో చూసిందే. కార్బన్ వేయని ముక్క మీద.

ఎంతసేపు దాన్నే చూస్తూ కూర్చున్నానో తెలియదు. అక్క వెనకనుంచి వచ్చి, "ఆ ఛాంబరుకి ఏ పంపు?" అంది. గాలి లాగేసి శూన్యం తెచ్చే డిఫ్యూజన్ పంపు. "ట్రాప్‌లో ద్రవ నైట్రోజన్ పోయించావా?" ఫారంలో గడి గుర్తొచ్చింది. అది శాంపిల్ కోసం కాదు, ట్రాప్ కోసం. డిఫ్యూజన్ పంపులో నూనె మరుగుతుంది, ఆవిరిలో కొంత వెనక్కి ఛాంబర్లోకి వస్తుంది. మైనస్ 196 డిగ్రీల ట్రాప్ ఉంటే దాని మీదే గడ్డకట్టి ఆగిపోతుంది. లేకపోతే వచ్చి శాంపిల్ మీద వాలుతుంది. బీము పడని చోట వాలింది మళ్లీ లేచిపోతుంది. బీము పడిన చోట అయాన్లు దాన్ని విరిచి, కార్బన్‌గా అతికించేస్తాయి. నా ఫిల్ముల మీద నాకు తెలియకుండా ఇంకో ఫిల్ము పెరిగింది, రెండు గంటల పదమూడు నిమిషాలు.

ఎంత పెరిగిందన్నది తేలాలి. అదృష్టవశాత్తూ ఒక దారి ఉంది. పూత మారడం పడిన అయాన్ల లెక్కను బట్టి ఉంటుంది. నూనె చేరడం చాలావరకు గడిచిన సమయాన్ని బట్టి ఉంటుంది. ఒకే మోతాదును సగం కరెంటుతో రెట్టింపు సేపు వేస్తే, ఫిల్ము అయితే పెద్దగా తేడా పడకూడదు, నూనె మచ్చ అయితే చిక్కబడాలి. సర్‌తో ఈ మాట చెబితే ఆయన మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగి విన్నారు. తిట్లు కూడా తిన్నాను, అవి తమిళంలో ఉన్నాయి కాబట్టి సగమే తగిలాయి.

రెండో బీమ్ టైమ్ జూన్లో దొరికింది. రిచీ స్ట్రీట్‌కు పోయి కొత్త బ్యాటరీలు కొనుక్కుని మరీ వెళ్లాను. ఫారంలో ఆ గడికి టిక్కు పెట్టడమే కాదు, కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీశాను. అన్న చూసి నవ్వాడు. ద్రవ నైట్రోజన్ పోసేటప్పుడు తెల్లటి పొగ నేల మీద పాకుతుంటే, బయట జూన్ ఎండకు తారు మెత్తబడుతోంది. రెండు గంటలకోసారి ట్రాప్ నింపాలి. ఆ మూడు రోజులూ నా ఫోన్ అలారం దాని కోసమే మోగింది.

ఈసారి ఖాళీ ముక్కలు నాలుగు. రెండింటికి ట్రాప్‌తో, రెండింటికి చివరి రోజు కావాలని ట్రాప్ ఎండగట్టాక. ఒక్కో జతలో ఒకదానికి మామూలు కరెంటు, ఒకదానికి సగం. ట్రాప్ ఉన్నవాటిలో 480 గుట్ట ఉంది, కార్బన్ మూపురం లేదు. ట్రాప్ లేనివాటిలో ఉంది, సగం కరెంటు ముక్క మీద బాగా చిక్కగా ఉంది. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

ఫిల్ముల సంగతి. రామన్‌లో కథ దాదాపు అలాగే నిలిచింది. జి 1,535 నుంచి 1,572, నిష్పత్తి 0.5 నుంచి 1.05. స్పెక్ట్రం కింద వాలుగా ఉండే మెరుపు, హైడ్రోజన్ ఎక్కువ ఉంటే కనిపించేది, 10¹⁵ వచ్చేసరికి చదునైపోయింది. అసలు తేడా కరెంటు పోనివ్వడంలో బయటపడింది. గాజు మీద పూతకు రెండు వైపులా వెండి పేస్టు పెట్టి కొలుస్తాం. అయాన్లు పడకముందు మీటరు అందుకోలేనంత నిరోధం. ఫిబ్రవరి గ్రాఫులో అది మోతాదుతోపాటు పడిపోతూ, 10¹⁶ దగ్గర 4 లక్షల ఓములకు దిగి, ఇంకా కిందికే చూస్తోంది. ‘గ్రాఫైటుగా మారడం ఆగకుండా సాగుతోంది’ అని డిపార్ట్‌మెంటు సెమినార్లో నిలబడి చెప్పాను కూడా. జూన్ గ్రాఫులో 3×10¹⁵ దగ్గర 30 లక్షల ఓములకు వచ్చి, 10¹⁶ కి 25 లక్షలు. అంటే దాదాపు అక్కడే ఆగింది. పోవాల్సిన హైడ్రోజన్ పోయాక, రేకు ముక్కలు పెరగడం, అయాన్లు వాటిని మళ్లీ విరగ్గొట్టడం సరిసమానమై ఉండాలి. నేను సెమినార్లో చూపించిన ఆ చివరి వాలు నా ఫిల్ముది కాదు, పంపు నూనెది.

స్లయిడ్ మార్చి మళ్లీ సెమినార్ ఇచ్చాను. వెనక వరసలో ఒకరు, "పోయినసారి వేరేగా చెప్పారే?" అన్నారు. అవును, అని ఖాళీ ముక్కల స్పెక్ట్రా చూపించాను. దాని మీదే ఇరవై నిమిషాలు ప్రశ్నలు నడిచాయి, ఫిల్ము గురించి ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఢిల్లీకి ప్రపోజల్ రాస్తున్నాను. ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్లోని 15 యూడీ పెల్లెట్రాన్ అనే యాక్సిలరేటర్‌తో బరువైన అయాన్లను దాదాపు 100 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్లకు తీసుకెళ్లొచ్చు. ఆ వేగానికి అణువుల్ని నేరుగా గుద్దడం తక్కువ. ఎలక్ట్రాన్లను కదిపి, దారి పొడుగునా సన్నటి గీతలా వేడి చేస్తూ పోతుంది. వజ్రంలాంటి పూతల్లో అంతకంటే ఎంతో శక్తిగల అయాన్లు, ఒక్కొక్కటీ కొన్ని నానోమీటర్ల వెడల్పున కరెంటు పోయే దారిని వదిలి వెళ్లాయని ఇదివరకే చూశారు. నా ఫిల్ములో అలాంటి గీత పడుతుందా, పడడానికి ఎంత శక్తి కావాలి అన్నది ప్రశ్న.

అమ్మకు ఫోన్లో ఢిల్లీ అని చెబితే, "బొగ్గుకి ఢిల్లీ దాకా పోవాల్నా?" అంది. ఫారంలో శాంపిళ్ల సంఖ్య అడిగిన చోట ఫిల్ములు పన్నెండు, ఖాళీ సిలికాన్ ఆరు అని రాశాను. సర్ సంతకం పెడుతూ ఆరును చూసి, పెన్ను ఎత్తి, మళ్లీ ఏమీ అనకుండా పెట్టేశారు.